ఎరువు తెచ్చుకున్న గొంతు

ఆ కాలంలో తెలుగు సినిమాలు చూసినవాళ్ళలో మంజులత గొంతు విననివాళ్ళు తక్కువ. కాలేజీ మెట్ల మీద కథానాయికను ఆటపట్టించే నలుగురు స్నేహితురాళ్ళలో ఒకతె, పెళ్ళిపందిట్లో తప్పిపోయి ఏడ్చే పసివాడు, ఆసుపత్రి వరండాలో డాక్టరు కోసం కేకవేసే నర్సు, అందరూ ఆమే. ఎవరి పెదవులు కదిలితే వాళ్ళ గొంతై పలికేది. తెర లేనిచోట మాత్రం ఆమెకు మాట పెగిలేది కాదు. ఇరవై మూడేళ్ళు వచ్చినా, కిరాణా కొట్లో పావుకిలో చక్కెర అడగాలంటే ముందుగా మనసులో ఒకసారి అనుకుని, ఎవరి గొంతుతో అడగాలో నిర్ణయించుకుని, అప్పుడు నోరు తెరిచేది.

ఇది పుట్టుకతో వచ్చిన పిరికితనమో, వృత్తి అంటగట్టిన అలవాటో తేల్చి చెప్పడం కష్టం. రెండూ కలిసి పెరిగాయనుకోవడమే న్యాయం. తల్లి లీలాకుమారిది తెనాలి. గొంతును నమ్ముకుని మద్రాసు వెళ్ళింది. పరిశ్రమ హైదరాబాదుకు తరలినప్పుడు తానూ తరలి రహమత్ నగర్‌లో రెండు గదులు కిరాయికి తీసుకుంది. ఇంట్లో కూతుర్ని చూసుకునేవాళ్ళు ఎవరూ లేక, ఆరేళ్ళ పిల్లను వెంటబెట్టుకుని ఫిల్మ్ నగర్‌లోని డబ్బింగ్ థియేటర్లకు తిరిగింది. ఒకనాడు పసిపిల్ల గొంతు చెప్పవలసిన మనిషి రాకపోతే ఈ పిల్లనే మైకు ముందు స్టూలెక్కించారు.

"భయపడకమ్మడూ, మాట సంగతి మర్చిపో," అని తల్లి చెవిలో చెప్పింది. "తెర మీద పాప ఎక్కడ ఊపిరి పీలుస్తుందో చూడు. అక్కడే నువ్వూ పీల్చు. మాట దానంతటదే వస్తుంది."

వచ్చింది. ఆనాటి నుంచి మంజులత బతుకంతా ఇతరుల ఊపిరిని ఎరువు తెచ్చుకోవడంతోనే గడిచింది.

ఆమెకు ఇరవై రెండో ఏట లీలాకుమారి గొంతు పోయింది. ఒక దెయ్యం పాత్రకు వరసగా అరిచిన అరుపులతో స్వరతంతువుల మీద కాయలు కాశాయని, ఇంకా వాడితే మిగిలింది కూడా దక్కదని డాక్టరు చెప్పాడు. ఆమె మాట బొంగురుపోయి, ముక్కలు ముక్కలుగా తెగి వచ్చేది. ఇంట్లో పిలవాలంటే చప్పట్లు కొట్టేది. మంజులతకు అప్పటినుంచి కొత్త భయం పట్టుకుంది. తెల్లవారి కళ్ళు తెరవకముందే "ఊఁ" అని ఒక శబ్దం చేసి, గొంతు ఉందో లేదో చూసుకునేది. ఉందని తెలిశాకే లేచేది.

అటువంటి రోజుల్లో, 2005 ప్రాంతంలో, జూబ్లీహిల్స్‌లోని ఒక కంపెనీ పత్రికలో ప్రకటన వేసింది. జర్మనీలోని ఒక ఇంటర్నెట్ సంస్థ ఖాతాదారుల ఫోన్లు ఇక్కడినుంచి అందుకోవాలి. డిగ్రీ ఉంటే చాలు, భాష తామే నేర్పుతామన్నారు. నగరమంతా ఇంగ్లీషు కాల్ సెంటర్ల వైపు పరుగెడుతుంటే మంజులత జర్మనును ఎంచుకోవడానికి కారణం ధైర్యం కాదు, భయమే. ఇంగ్లీషులో లోకమంతా తనకంటే ముందుంది. జర్మనులో అందరూ ఓనమాల దగ్గరే ఉంటారు; నవ్వేవాళ్ళుండరు. ఎంపిక పరీక్షలో శబ్దాలు విని తిరిగి పలకమన్నారు. అందులో ఆమెను మించినవారు లేరు.

డబ్బింగ్ పని ఇప్పించే సత్యలక్ష్మికి ఈ సంగతి చెబితే ఆవిడ ముఖం చిట్లించింది. "వెళ్తే వెళ్ళు గానీ మంజూ, మైకు ఎవరికోసమూ ఖాళీగా ఉండదు. రేపే ఇంకో పిల్లని పెట్టుకుంటాను. తిరిగొచ్చి, అక్కా, నా చోటేదీ అంటే నేనేం చెయ్యలేను."

ఆవిడ అన్నంత పనీ చేసింది. శిక్షణ ముగిశాక ఒక నెల అసలు ఫోన్లలో పరీక్ష. నిలిచినవాళ్ళకు కుర్చీ, నిలవనివాళ్ళకు గేటు. గేటు బయట తనకోసం ఏదీ మిగల్లేదని మంజులతకు తెలుసు.

ఆఫీసు అంటే, సినిమాలు తీయడం మానుకున్న ఒక నిర్మాత కిరాయికిచ్చిన బంగళా. ఎండిపోయిన ఈతకొలనులో జనరేటర్లు పెట్టారు. ఆయన స్నేహితులకు సినిమాలు వేసి చూపించిన చిన్న హాలే ఇప్పుడు తరగతి గది. గోడలకు మెత్తలు, వెనక ప్రొజెక్టరు క్యాబిన్, దానికి అద్దం. పై అధికారులు ఆ అద్దం వెనక కూర్చుని వినేవారు. డబ్బింగ్ థియేటర్లోనూ అద్దం ఉంటుంది. దాని వెనకనుంచి "ఓకే" అనో "వన్ మోర్" అనో వినిపిస్తుంది. ఈ అద్దం వెనకనుంచి ఏమీ వినిపించదు. ముఖాలు మాత్రం కదులుతాయి.

పాఠం చెప్పే శేషారత్నం గారు భర్త ఉద్యోగం కారణంగా చాలాకాలం జర్మనీలో ఉండి వచ్చిన మనిషి. అరవై దాటినా వెన్ను వంగలేదు. మొదటిరోజు టేపు పెట్టి, రొట్టెల దుకాణంలో ఒక స్త్రీ మాట్లాడిన మాట వినిపించి, అందరినీ తిరిగి అనమన్నారు. మంజులత వంతు వచ్చేసరికి గదిలో ఆ టేపు స్త్రీయే నిలబడి మాట్లాడినట్టయింది. చివర చిన్న నిట్టూర్పుతో సహా. తోటివాళ్ళు చప్పట్లు కొట్టారు. శేషారత్నం గారు కొట్టలేదు.

"ఇప్పుడు నువ్వన్నదానికి అర్థం ఏమిటమ్మా?"

"తెలీదు మేడమ్."

"మరి చివర్లో ఆ నిట్టూర్పెందుకు?"

"టేపులో ఉంది మేడమ్."

గది గొల్లుమంది. "నవ్వకండి," అన్నారావిడ. "అంత శ్రద్ధగా వినడం మీలో ఎవరికీ చేతకాలేదు. అయితే అమ్మాయ్, పలుకులు చిలక్కి కూడా వచ్చు. రొట్టె అడిగితే రొట్టె ఇవ్వడం చిలక్కి రాదు."

చిలక అన్న ఆ మాట మంజులత గుండెలో ముల్లులా దిగింది. ఎప్పుడో ఒకరోజు, ఎవరో ఒకరు, ఇది వట్టి చిలక అని పట్టేస్తారు. ఆ రోజు కోసం ఎదురుచూస్తూ ఆమె చదువు సాగింది.

మనిషి తత్త్వాన్ని బట్టే మనిషి చదువు ఉంటుందని శేషారత్నం గారికి గట్టి నమ్మకం. ఆ తరగతి కూడా ఆవిడ నమ్మకాన్ని వమ్ము చేయలేదు. ఎర్రగడ్డ మార్కెట్లో ఉల్లిగడ్డల వ్యాపారి కొడుకు పృథ్వీరాజ్‌కు ముఖం ఎరగని మనిషంటూ లేడు. తండ్రి దుకాణంలో బేరాలు చూస్తూ పెరిగినవాడు. పది మాటలు రాగానే పదకొండో మాటకు చేతులు ఊపి పని కానిచ్చేవాడు. బంజారాహిల్స్‌లో ఒక హోటలు బయట నిలబడి, దిగిన ప్రతి తెల్లవాణ్ణీ జర్మనువాడా కాదా అని అడిగేవాడు. "తప్పైతే ఆళ్ళే దిద్దుతరు. నాదేం పోయింది?" అనేవాడు. అందరికంటే ముందు అతని మాటే అవతలివాళ్ళకు అర్థమయింది. కాని దిద్దేవాళ్ళు తక్కువ, నవ్వి ఊరుకునేవాళ్ళు ఎక్కువ కావడంతో అతని తప్పులు సిమెంటులా గట్టిపడిపోయాయి. మధురానగర్ నుంచి వచ్చే నిహారికది మరో దారి. రంగురంగుల అట్టముక్కల మీద మాటలు రాసుకుని వాటిని పేకముక్కల్లా కలిపి రోజూ వల్లెవేసేది. వాక్యం లోపల పూర్తిగా కుదిరితే తప్ప బయటికి రానిచ్చేది కాదు. అది కుదిరేసరికి సంభాషణ రెండు వీధులు దాటిపోయేది.

మంజులత పాఠాలన్నీ చెవిలో పెట్టుకుంది. టేపులోని చిన్న ముక్కను మళ్ళీమళ్ళీ తిప్పి వినడం, ఊపిరి ఎక్కడుందో పట్టుకోవడం, అదే ఊపిరితో అనడం. అర్థం నెమ్మదిగా, వెనకనుంచి వచ్చేది. ఒక్కోసారి వచ్చేదే కాదు. మాదిరి సంభాషణల్లో అలా చిక్కుబడినప్పుడు ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. అవతలి మనిషి ఏ రాగంలో మాట్లాడితే తానూ ఆ రాగమే అందుకునేది. వాళ్ళు విసుగులో ఉంటే విసుగు, సంబరంలో ఉంటే సంబరం. తమ మాట ఆమెకు అర్థమయిందని వాళ్ళు తృప్తిపడేవారు. ఉచ్చారణలో నూటికి తొంభై దాటిన మార్కులు ఆమెవే. అది విద్య కాదని, గారడీ అని ఆమెకు తెలుసు. మార్కులు పెరిగినకొద్దీ భయమూ పెరిగింది.

ఆ గారడీ తన చేతిలో లేదని తెలియడానికి మాత్రం కొంతకాలం పట్టింది. ఒకరోజు గేటు దగ్గరి ఛాయ్ బండి వద్ద పృథ్వీరాజ్ పలకరించాడు.

"రేపు టెస్టున్నదట. సదివినవా?"

"సదివిన గని, గా మూడో పాఠం జర సమజ్ కాలే," అంది మంజులత.

అతను గ్లాసు కింద పెట్టాడు. "ఏంది? ఎక్కిరిస్తున్నవా? మా మాటంటే నీకు గంత నవ్వులాటగున్నదా?"

ఆమె బిత్తరపోయింది. తన నోటినుంచి ఏమొచ్చిందో అప్పుడు విన్నది. "లేదు పృథ్వీ, ఒట్టు. నాకు తెలీకుండానే వచ్చేసింది."

"తెల్వకుండ ఎట్లొస్తది? నాకు రమ్మను నీ ఆంధ్రా మాట, వస్తదేమో సూద్దాం!" అన్నాడు. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి తగ్గాడు. "అరె, ఏడ్వకు తల్లీ. నేనే ఏదో కొట్టినట్టు సూస్తున్నరు అందరు. ఛాయ్ తాగు జర."

ఆమె ఛాయ్ తాగింది. అద్దంలో ఎదుటివాళ్ళే తప్ప తాను కనబడని మనిషిలా అనిపించింది.

శిక్షణ ముగిసింది. పరీక్షల నెల మొదలైంది. అక్కడ తెల్లవారితే ఇక్కడ మధ్యాహ్నం. ఆ వేళకు అదే హాల్లో హెడ్‌సెట్లు తగిలించుకుని వరసగా కూర్చునేవారు. మొదటి వారం మంజులత నెట్టుకొచ్చింది. గడగడ మాట్లాడే ఒక ఇల్లాలితో తానూ గడగడ మాట్లాడింది. నిద్రముఖంతో నసిగిన ఒక కుర్రవాడితో తానూ నసిగింది. పని జరిగింది, ఎవరూ తప్పు పట్టలేదు.

రెండో వారంలో ఒక వృద్ధుడి ఫోను వచ్చింది. గొంతు బొంగురు. దానికి తోడు నత్తి. ఒక్కొక్క మాట దగ్గర ఆగి, అదే అక్షరాన్ని తోసుకుంటూ, ఊపిరాడనట్టు మాట్లాడుతున్నాడు. ఇంటర్నెట్ బాగుచేసే మనిషి వస్తానని రాలేదని, తాను ముందురోజంతా కిటికీ దగ్గరే కూర్చున్నానని చెబుతున్నాడు. సగం అర్థమైంది, సగం కాలేదు. బెదురుతో మంజులత తన పాత దారే పట్టింది. అతని ఊపిరిని పట్టుకుంది. క్షమించాలనీ, వివరాలు చెప్పాలనీ అడగబోయింది. ఆ మాటలు బొంగురుగా, ముక్కలుగా, మొదటి అక్షరం దగ్గర తడబడుతూ వచ్చాయి.



తర్వాత ఆయన ఒక ప్రశ్న అడిగాడు: "నన్ను వెక్కిరిస్తున్నారా?"

తెలుగులోకి మార్చుకోకుండా, విన్న క్షణంలోనే ఆమెకు పూర్తిగా అర్థమైన మొదటి జర్మను వాక్యం అదే. కాదని చెప్పాలి. కాని నోరు తెరిస్తే ఆయన గొంతే వస్తుందేమో! ఆ భయంతో పెదవులు బిగించుకుంది. ఆమె మౌనాన్ని ఆయన మరొకలా తీసుకున్నాడు. లైను తెగిపోయింది.

సాయంత్రంలోగా అక్కడినుంచి ఫిర్యాదు వచ్చింది. వికలాంగుడైన ఖాతాదారును ఉద్యోగిని అవమానించిందని, సంజాయిషీ కావాలని అందులో ఉంది. టీమ్ లీడ్ మనోజ్ఞ ఆమెను క్యాబిన్‌లోకి పిలిచింది.

"లైవ్ కాల్‌లో మిమిక్రీ ఏంటండీ? మీది సినిమా బ్యాక్‌గ్రౌండ్ అని తెలుసు, కానీ ఇది స్టేజీ కాదు కదా!"

"మిమిక్రీ కాదు మేడమ్..."

"రికార్డింగ్ నేను విన్నాను. నాకే ఒళ్ళు జలదరించింది. రేపు శేషారత్నం మేడమ్ వచ్చి వింటారు. ఆవిడ కూడా అదే మాటంటే, సారీ, నేను చేయగలిగిందేమీ లేదు. అప్పటిదాకా హెడ్‌సెట్ ముట్టుకోవద్దు."

మనోజ్ఞను తప్పుపట్టడానికి వీల్లేదు. ఆ రికార్డింగును ఎవరు విన్నా అదే అనుకుంటారు.

ఇంటికొచ్చిన కూతురి ముఖం చూసి లీలాకుమారి చెయ్యి తిప్పి, ఏమిటని అడిగింది. మంజులత అంతా చెప్పింది. తల్లి డాక్టరు మాట కాదని గొంతు విప్పింది. "ఆయన గొంతు... ఎలా ఉంది?"

"నీ గొంతులా ఉందమ్మా. అచ్చం."

"నాతో... నువ్వెప్పుడూ అలా మాట్లాడవే?"

 నిజమే. ఏడాదిగా ఈ విరిగిన గొంతు పక్కనే ఉంటున్నా ఒక్కసారీ అది తన నోటికి అంటుకోలేదు. ఎందుకో మంజులతకు తెలియదు. తల్లి దగ్గర మాట్లాడేటప్పుడు ఎవరి ఊపిరినీ వెతుక్కున్నట్టు గుర్తు లేదు. "నువ్వు మాట్లాడకమ్మా, దండం పెడతాను," అని తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ మాట కూడా ఎవరి గొంతుతోనూ రాలేదు.

మరునాడు పొద్దున క్యాబిన్‌లో శేషారత్నం గారు రికార్డింగును రెండుసార్లు విన్నారు. ముఖంలో ఏ మార్పూ లేదు. అద్దం ఇవతల మంజులత ఆ ముఖమే చూస్తూ నిలబడింది. పక్కనున్న నిహారిక చెయ్యి పట్టుకుంది. పృథ్వీరాజ్ మాత్రం పట్టుకోవడం, పరామర్శించడం తెలియని మనిషి; తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

"మేడమ్, ఒక్క మాట. నాతోని గూడ గట్లనే మాట్లాడింది. మొదట్ల నాకు గుస్సా ఒచ్చింది, ఎక్కిరిస్తున్నదనుకున్న. కాదు మేడమ్. ఈ పిల్లకు ఎవ్వలు ముందల నిలవడితె ఆళ్ళ మాట అంటుకుంటది. జలుబు లెక్క."

"సాక్ష్యం అడిగినప్పుడు చెబుదువుగాని, నాయనా," అన్నారు శేషారత్నం గారు. అయినా ఆ మాటను వదిలేయలేదు. "మనోజ్ఞా, ఈ అమ్మాయి మిగతా కాల్స్ కూడా పెట్టు."

పెట్టారు. గడగడలాడే ఇల్లాలు, నసిగే కుర్రవాడు, కోపిష్టి వ్యాపారి. ప్రతిదాంట్లోనూ మంజులత గొంతు మారిపోయింది. ఒకే మనిషి మాట్లాడినట్టు చెప్పడానికి ఆనవాలే లేదు.

"ఇది వెక్కిరింత కాదు," అన్నారావిడ. "వెక్కిరించేవాడు తనకు నచ్చినవాళ్ళను ఎంచుకుంటాడు. ఈ అమ్మాయి ఎవరినీ వదల్లేదు."

"ఒప్పుకుంటాను మేడమ్," అంది మనోజ్ఞ. "కానీ ఆ పెద్దాయనకి ఇంటెన్షన్‌తో పనేముంది? ఆయనకైతే దెబ్బ తగిలింది. రేపు ఇంకొకరికి తగలదని గ్యారంటీ ఏది?"

"నిజమే. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు." ఆవిడ అద్దంలోంచి సైగ చేసి మంజులతను లోపలికి పిలిచారు. "జవాబు నీ దగ్గర ఉందేమో చూడాలి. ఆయనకు నువ్వే ఫోన్ చెయ్యి. ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే ఉంటావు. లేకపోతే నేను నీ తరఫున మాట్లాడను."

మంజులత ఒకడుగు వెనక్కి వేసింది.

"నేన్ మాట్లాడ్త మేడమ్!" అన్నాడు పృథ్వీరాజ్. "రెండు నిమిషాల్ల ముసలాయనను దోస్త్ జేస్కుంట."

"చేసుకుంటావు, సందేహం లేదు. ఆయన మనసులో ముల్లు మాత్రం అక్కడే ఉంటుంది."

వెంట వచ్చిన నిహారిక అప్పటికే ఒక అట్టముక్క మీద క్షమాపణ వాక్యాలు రాసేసింది. ఒక్క తప్పు లేదు. మంజులత దాన్ని తీసుకుని చూసింది. చదవగానే ఆ వాక్యాలు చెవిలో ఒక గొంతుతో మోగాయి. పాఠాల టేపులోని వార్తలు చదివే స్త్రీ గొంతు. ఆ అట్టను బల్ల మీద బోర్లించింది.

"మేడమ్, క్షమాపణ అడిగే టేపు ఏదైనా ఉందా? ఒక్కసారి వింటే..."

"లేదమ్మా. దానికి టేపు ఉండదు."

ఆయన ఊళ్ళో తెల్లవారే వరకు ఆగి నెంబరు కలిపారు. అద్దం వెనక మనోజ్ఞ, శేషారత్నం గారు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. అవతల మోగుతోంది. ఎత్తకపోతే బాగుండునని మంజులత కోరుకుంది. ఎత్తకపోతే తన పని అయిపోయినట్టేనని తెలిసి కూడా కోరుకుంది. మోగడం ఆగింది. ఎవరో ఎత్తారు, ఏమీ అనలేదు.

ఇక్కడే ఆమెకు దిక్కు తోచలేదు. ఇన్నేళ్ళలో ఎన్నడూ ముందు ఊపిరి తనది కాదు. తెర మీద ఎవరో ఒకరు పీల్చేవారు, తాను అందుకునేది. ఇప్పుడు తెర లేదు, అవతల అలికిడి లేదు. క్షణాలు జారిపోతున్నాయి. ఇంకొంచెం ఆగితే ఆయన పెట్టేస్తాడు.

ఆమె ఊపిరి పీల్చింది. మాట్లాడింది.

ఆ జర్మను విని మనోజ్ఞ ఉలిక్కిపడి తలెత్తింది. తొంభై మార్కుల ఉచ్చారణ ఏమైందో తెలియదు. అమ్మ నుంచి వచ్చిన తెనాలి యాస నిండా పులుముకుని, పొడవుగా పలకవలసిన చోట పొట్టిగా, పొట్టిగా ఉండవలసిన చోట సాగదీస్తూ, వెతుక్కుంటూ వచ్చింది. నిన్న మీతో మాట్లాడింది నేనే, అంది. నేను సినిమాలో బొమ్మలకు గొంతు ఇచ్చే పని చేశాను, అంది. ఎవరి మాట విన్నా నా నోరు ఆ మాటను పట్టుకుంటుంది, ఆపడం నాకు రావటం లేదు, కాని నేను నవ్వలేదు. స్వరతంతువులకు జర్మనులో ఏమంటారో ఆమెకు తెలియదు. "మా ఇంట్లో మా అమ్మకు మాట విరిగింది," అని చెప్పింది. "మీకు లాగే. ఆమెను చూసి ఎవరైనా నవ్వితే నేను ఊరుకోను."

 తర్వాత ఆయన మొదలుపెట్టాడు. మొదటి అక్షరం దగ్గరే చిక్కుకున్నాడు. మంజులత పెదవులు వాటంతట అవే ఆ అక్షరానికి సిద్ధమయ్యాయి. ఆమె మైకును ముఖానికి దూరంగా తిప్పేసి, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. ఆయన ఆ మాటను దాటడానికి ఎంతసేపు పట్టిందో అంతసేపూ ఊపిరి బిగబట్టి విన్నది. అందుకోలేదు. విన్నది, అంతే.

"నువ్వు ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నావు?" అన్నది ఆయన ప్రశ్న.

ఊరి పేరు చెప్పకూడదన్నది కంపెనీ నియమం. అద్దం వెనక మనోజ్ఞ గట్టిగా తల అడ్డంగా ఊపుతోంది. చెబితే ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే ఈ మనిషి మరి నమ్మడు. 

"హైదరాబాదు. ఇండియా."

మనోజ్ఞ నుదురు పట్టుకుంది.

"నిన్న నువ్వు మా వీధిలో పుట్టినదానిలా మాట్లాడావు," అన్నాడాయన ఆగి ఆగి. "అందుకే వెక్కిరిస్తున్నావనే నమ్మాను. బళ్ళో పిల్లలు అలాగే చేసేవాళ్ళు. ఇవాళ నీ జర్మను బాగాలేదు."

"అవునండీ. బాగాలేదు."

 మన్నించానని ఆయన అనలేదు. అడిగింది వేరే మాట: "బాగుచేసే మనిషి ఎప్పుడొస్తాడు?"

మంజులత వివరాలు అడిగింది. అర్థం కానిచోట అర్థం కాలేదని చెప్పి మళ్ళీ అడిగింది. ఇంటి నెంబరు మూడుసార్లు చెప్పించుకుంది. ఆయన విసుక్కున్నాడు. ఆ విసుగును ఆమె అందుకోలేదు. గురువారం ఉదయం మనిషి వస్తాడని ఖాయం చేసి చెప్పింది. ఆయన సరేనని పెట్టేశాడు.

హెడ్‌సెట్ తీసేసరికి ఆమె చెవులు చెమటతో తడిశాయి. ఏం జరగబోతోందో ఎవరికీ తెలియదు. క్యాబిన్‌లో పెద్దవాళ్ళిద్దరూ వాదించుకుంటున్నారు. మాటలు వినబడటం లేదు, చేతులు కదలడం కనబడుతోంది. ఫిర్యాదు ఉపసంహరించుకున్నట్టు జర్మనీ నుంచి కబురు వచ్చేవరకు ఆమె కుర్చీలోంచి లేవలేదు, నీళ్ళు కూడా తాగలేదు. ఆ కబురు ఒకే ఒక వాక్యం: ఖాతాదారుకు ఇక ఫిర్యాదు లేదు, గురువారం మనిషిని తప్పక పంపాలి.

శేషారత్నం గారు బయటికొచ్చారు. "నిన్నటిదాకా ఉచ్చారణలో నీకు తొంభై రెండు వేశాను. ఇవాళ అరవై వేస్తున్నాను. ఉద్యోగంలో ఉంచమని కూడా చెప్పాను. రెండూ న్యాయమనే అనుకుంటున్నాను. నీకేమైనా అభ్యంతరముందా?"

"లేదు మేడమ్," అంది మంజులత. "కానీ నాకు ఇంకా భయంగానే ఉంది."

"ఉంటుంది. అది పోతుందని నేను చెప్పలేను. నాకు తెలియదు కనక."

వెనకే మనోజ్ఞ వచ్చింది. "ఊరి పేరు చెప్పినందుకు వార్నింగ్ ఇస్తున్నాను. అది నా డ్యూటీ. మళ్ళీ జరిగితే మేడమ్ చెప్పినా వినను." ఖాళీగా ఉన్న కుర్చీ చూపించింది. "లైన్లో ముగ్గురు వెయిటింగ్‌లో ఉన్నారు. వెళ్ళి కూర్చోండి."

మంజులత వెళ్ళి కూర్చుంది. హెడ్‌సెట్ తగిలించుకుంది. మొదటి బొత్తాం నొక్కింది. అవతల ఎవరో ఆడమనిషి పట్టరాని కోపంతో కేకలు వేస్తోంది. మంజులత బల్ల అంచు పట్టుకుని, ముందుగా తన ఊపిరి తాను పీల్చింది.